చెస్ ఒలింపియాడ్ అంటే ఏంటి? నాలుగు బోర్డుల లెక్క ఎలా తేలుతుంది? కాంస్యం నుంచి డబుల్ గోల్డ్ దాకా మనోళ్లు ఎలా వచ్చారు?

సెప్టెంబర్ 22, 2024. హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లో ఒకే రోజు భారత్‌కు రెండు స్వర్ణాలు వచ్చాయి. ఓపెన్ విభాగంలో స్లొవేనియాపై 3.5–0.5, మహిళల విభాగంలో అజర్‌బైజాన్‌పై 3.5–0.5. రెండు మ్యాచ్‌ల స్కోరు కూడా ఒకటే. చెస్ ఒలింపియాడ్‌లో ఒకే ఏడాది రెండు విభాగాల్లోనూ స్వర్ణం గెలవడం అంతకుముందు సోవియట్ యూనియన్‌కు, చైనాకు మాత్రమే సాధ్యమైంది.

ఆ పది మంది ఆటగాళ్లలో ముగ్గురు తెలుగు రాష్ట్రాల వాళ్లు. వరంగల్ కుర్రాడు ఇరిగేశి అర్జున్, గుంటూరుకు చెందిన పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక. ప్రపంచ ఛాంపియన్‌షిప్ అంటే ఇద్దరి మధ్య పోరు కాబట్టి అందరికీ అర్థమవుతుంది. మరి ఒలింపియాడ్‌లో జట్టు గెలవడం అంటే ఏంటి? ఎవరి పాయింట్లు ఎవరికి కలుస్తాయి? అర్జున్ లాంటి టాప్ ప్లేయర్ మూడో బోర్డులో ఎందుకు ఆడాడు? వివరంగా చూద్దాం.

ఒలింపిక్స్‌కు సంబంధం లేదు

పేరు దగ్గరగా ఉన్నా చెస్ ఒలింపియాడ్ ఒలింపిక్స్‌లో భాగం కాదు. అంతర్జాతీయ చెస్ సమాఖ్య ఫిడే దీన్ని నిర్వహిస్తుంది. ఇది దేశాల జట్ల మధ్య పోటీ. రెండేళ్లకోసారి, సరి సంఖ్య వచ్చే ఏడాదిలో జరుగుతుంది. బుడాపెస్ట్‌లో జరిగింది 45వది. ఓపెన్ విభాగంలోనే 190కి పైగా జట్లు దిగాయి. దేశాల జట్లతో పాటు అంధుల, బధిరుల, శారీరక వికలాంగుల అంతర్జాతీయ చెస్ సంఘాల జట్లకూ ఇందులో చోటుంది. గ్రాండ్‌మాస్టర్లతో నిండిన అమెరికా ఆడే హాల్లోనే, ఒక్క టైటిల్ ప్లేయర్ కూడా లేని చిన్న దీవుల జట్లు కూడా కూర్చుంటాయి. ఈ టోర్నీకి ఉన్న అందం అదే.

విభాగాలు రెండు. ఒకటి ఓపెన్, రెండోది మహిళలది. చాలామంది ఓపెన్‌ను పురుషుల విభాగం అని రాసేస్తుంటారు, అది తప్పు. ఓపెన్‌లో ఎవరైనా ఆడొచ్చు. హంగేరీ దిగ్గజం జుడిత్ పోల్గార్ ఓపెన్ జట్టులోనే ఆడి 2002లో, 2014లో రజతాలు గెలిచింది. ఓపెన్ విజేతకు ఇచ్చేది హామిల్టన్–రస్సెల్ కప్. మహిళల విజేతకు వేరా మెంచిక్ కప్. రెండు విభాగాల ఫలితాలు కలిపి చూస్తే ఏ దేశం మెరుగ్గా ఆడిందో, దానికి జార్జియా మాజీ ప్రపంచ ఛాంపియన్ నోనా గాప్రిందాష్విలి పేరిట మరో ట్రోఫీ. 2022లోనూ, 2024లోనూ ఈ ట్రోఫీ మనదే. అయితే 2022లో ఇంటికి తెచ్చుకున్న ఆ కప్పు, బుడాపెస్ట్‌కు తిరిగి పంపాల్సిన టైంలో కనిపించట్లేదని అప్పట్లో వార్తలు రావడం వేరే విషయం!

నాలుగు బోర్డులు, ఒక రిజర్వ్

ఒక్కో జట్టులో ఐదుగురు. మ్యాచ్‌లో ఆడేది నలుగురే. ఒకరు బెంచ్ మీద ఉంటారు. మన మొదటి బోర్డు ఆటగాడు వాళ్ల మొదటి బోర్డుతో, రెండో బోర్డు రెండో బోర్డుతో, ఇలా ఒకేసారి నాలుగు గేమ్‌లు జరుగుతాయి. ఒక జట్టుకు ఒకటి, మూడు బోర్డుల్లో తెల్ల పావులు వస్తే, రెండు, నాలుగు బోర్డుల్లో నల్ల పావులు వస్తాయి. ఎదుటి జట్టుకు దీనికి రివర్స్.

గేమ్ గెలిస్తే 1, డ్రా అయితే అర పాయింట్. నాలుగు గేమ్‌లు కలిపి 2.5 లేదా అంతకంటే ఎక్కువ వచ్చిన జట్టు మ్యాచ్ గెలిచినట్టు. మ్యాచ్ గెలిస్తే 2 పాయింట్లు, 2–2తో సమమైతే చెరొకటి, ఓడితే సున్నా. పట్టికలో ముందుగా చూసేది ఈ మ్యాచ్ పాయింట్లనే.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. 4–0తో చిత్తుచేసినా 2 పాయింట్లే, 2.5–1.5తో గట్టెక్కినా 2 పాయింట్లే. మూడు బోర్డుల్లో డ్రా చేసుకుని ఒక్కచోట గెలిస్తే చాలు, పని అయిపోతుంది. 2008కి ముందు ఇలా ఉండేది కాదు. అప్పట్లో గేమ్ పాయింట్లన్నీ కలిపి లెక్కేసేవాళ్లు. బలహీన జట్టు దొరికితే 4–0 కొట్టి పాయింట్లు పోగేసుకోవడమే వ్యూహం. ఇప్పుడు అది పనిచేయదు. పెద్ద జట్టును ఒక్క గేమ్ తేడాతో ఓడించగలిగిన వాడిదే పైచేయి.

మొత్తం 11 రౌండ్లు, మధ్యలో ఒక రోజు విశ్రాంతి. దాదాపు 200 జట్లు ఉన్నప్పుడు అందరితో అందరూ ఆడటం కుదరదు కదా. అందుకే స్విస్ పద్ధతి. ప్రతి రౌండ్‌లో దాదాపు సమాన పాయింట్లున్న జట్లను జత కలుపుతారు. గెలిచేకొద్దీ ఇంకా గట్టి జట్టు ఎదురవుతుంది. నాకౌట్ లేదు కాబట్టి ఒక మ్యాచ్ ఓడినా టోర్నీ అయిపోదు. కానీ చివరి మూడు నాలుగు రౌండ్లలో ఓడితే కోలుకునే టైం ఉండదు. పాయింట్లు సమమైతే టైబ్రేక్ చూస్తారు. ఆ లెక్క కాస్త చిక్కుది. సింపుల్‌గా చెప్పాలంటే, మీరు ఓడించిన జట్లు టోర్నీలో ఎంత బాగా ఆడాయి, వాళ్ల మీద మీరు ఎన్ని గేమ్ పాయింట్లు సాధించారు అన్నదాన్ని బట్టి తేలుతుంది.

టైం కంట్రోల్ క్లాసికల్. మొదటి 40 ఎత్తులకు 90 నిమిషాలు, ఆ తర్వాత మరో 30 నిమిషాలు, ప్రతి ఎత్తుకూ 30 సెకన్లు కలుస్తాయి. ఒక్కో గేమ్ నాలుగైదు గంటలు సాగడం మామూలే.

కెప్టెన్ ఏం చేస్తాడు?

ఆడని కెప్టెన్ పక్కనే తిరుగుతుంటాడు. మామూలు టోర్నీల్లో లేని ఒక వింత ఇక్కడుంది. డ్రా ప్రతిపాదన వస్తే ఒప్పుకోవాలా వద్దా అని ఆటగాడు కెప్టెన్‌ను అడగొచ్చు. కెప్టెన్ మిగతా మూడు బోర్డులు చూసి "తీసుకో" అనో, "ఆడు" అనో చెప్పొచ్చు. బోర్డు మీద ఉన్న పొజిషన్ గురించి మాత్రం ఒక్క మాట మాట్లాడకూడదు. అంటే ఒక ఆటగాడు తన గేమ్ ఎంత బాగున్నా, జట్టు కోసం డ్రాకు సరే అనాల్సి రావొచ్చు. లేదంటే హాయిగా డ్రా చేసుకునే గేమ్‌లో జట్టు కోసం రిస్క్ తీసుకోవాల్సి రావొచ్చు. ఏళ్ల తరబడి ఒంటరిగా ఆడేవాళ్లకు ఇది అంత తేలికగా ఒంటబట్టదు.

కెప్టెన్ చేతిలో ఉన్న మరో అస్త్రం బోర్డుల వరుస. టోర్నీ మొదలయ్యే ముందే ఐదుగురి వరుస ఇచ్చేయాలి. ఆ తర్వాత మార్చడం కుదరదు. రెండో బోర్డు ఆటగాడికి విశ్రాంతి ఇస్తే మూడో బోర్డు అతను రెండుకు, నాలుగో అతను మూడుకు జరుగుతారు, రిజర్వ్ నాలుగులో కూర్చుంటాడు. అంతే తప్ప రిజర్వ్‌ను నేరుగా పై బోర్డులో కూర్చోబెట్టడానికి లేదు. అయితే ఈ వరుస రేటింగ్ ప్రకారమే ఉండాలన్న రూల్ మాత్రం లేదు. బుడాపెస్ట్‌లో మన కెప్టెన్ శ్రీనాథ్ నారాయణన్ వాడుకుంది దీన్నే.

మూడో బోర్డులో అర్జున్

ఆ టోర్నీ నాటికి భారత్‌లో అత్యధిక రేటింగ్ ఉన్నది అర్జున్‌కే. కానీ మొదటి బోర్డులో గుకేశ్, రెండో బోర్డులో ప్రజ్ఞానంద, మూడో బోర్డులో అర్జున్, నాలుగో బోర్డులో విదిత్ గుజరాతీ, రిజర్వ్‌గా హరికృష్ణ. మామూలుగా చూస్తే ఇది అర్జున్‌ను తగ్గించినట్టు కనిపిస్తుంది. నిజానికి ఎదుటి జట్టుకు ఇదో పీడకల. చాలా దేశాలకు ఒకరో ఇద్దరో మేటి ఆటగాళ్లు ఉంటారు. మూడో బోర్డుకు వచ్చేసరికి బలం పడిపోతుంది. అక్కడ ప్రపంచ టాప్ 5 స్థాయి ఆటగాడు కూర్చుంటే ఏమవుతుంది?

అర్జున్ మొత్తం 11 రౌండ్లూ ఆడాడు. ఒక్కరోజు కూడా బెంచ్ మీద కూర్చోలేదు. 9 గెలుపులు, 2 డ్రాలు. 11కి 10 పాయింట్లు. మూడో బోర్డు వ్యక్తిగత స్వర్ణం అతనిదే. ఆ ఏడాది చివర్లో 2800 రేటింగ్ దాటి, విశ్వనాథన్ ఆనంద్ తర్వాత ఆ మైలురాయి చేరిన రెండో భారతీయుడయ్యాడు.

మరి గుకేశ్? మూడో బోర్డు అంత ధాటిగా ఆడాలంటే మొదటి బోర్డు కుప్పకూలకూడదు. అక్కడికి వచ్చేది ప్రతి దేశపు నంబర్ వన్. గుకేశ్ కూలకపోవడం అటుంచి, 10 గేమ్‌ల్లో 8 గెలిచి 2 డ్రా చేశాడు. పెర్ఫార్మెన్స్ రేటింగ్ 3000 దాటింది. చైనాతో ఏడో రౌండ్‌లో వీ యీని సుదీర్ఘ పోరులో ఓడించాడు, అది 2.5–1.5 విజయం. పదో రౌండ్‌లో అమెరికా ఎదురైంది. రెండో బోర్డులో ప్రజ్ఞానంద వెస్లీ సో చేతిలో ఓడిపోయాడు. టెన్షన్ మొదలైంది. గుకేశ్ ఫాబియానో కరువానాను ఓడించాడు, అర్జున్ లీనియర్ డొమింగెజ్‌పై గెలిచాడు, విదిత్ అరోనియన్‌ను నిలువరించాడు. మళ్లీ 2.5–1.5. అక్కడే స్వర్ణం దాదాపు ఖాయమైపోయింది.

మొత్తం 11 మ్యాచ్‌ల్లో 10 గెలుపులు, ఉజ్బెకిస్థాన్‌తో తొమ్మిదో రౌండ్‌లో 2–2. 22 పాయింట్లకు 21. మొత్తం 44 గేమ్ పాయింట్లలో 35 మనవే. అమెరికాకు రజతం, ఉజ్బెకిస్థాన్‌కు కాంస్యం.

అంత తేలిక కాదు: చెన్నై చేదు

ఈ గెలుపు విలువ తెలియాలంటే రెండేళ్లు వెనక్కి వెళ్లాలి. 2022 ఒలింపియాడ్ మొదట రష్యాలో జరగాలి. ఉక్రెయిన్‌పై దాడితో ఫిడే దాన్ని అక్కడి నుంచి తప్పించింది. నాలుగు నెలల వ్యవధిలో తమిళనాడు ఆతిథ్యం ఏర్పాటు చేసింది. చెన్నై దగ్గరి మామల్లపురంలో జులై చివర్లో మొదలై ఆగస్టు 10న ముగిసింది. ఆతిథ్య దేశం కాబట్టి ఒక్కో విభాగంలో మూడేసి భారత జట్లు.

ఓపెన్‌లో కుర్రాళ్లతో నిండిన రెండో జట్టు దుమ్ము రేపింది. గుకేశ్ వరుసగా 8 గేమ్‌లు గెలిచాడు. పదో రౌండ్‌లో ఉజ్బెకిస్థాన్. గుకేశ్ ఎదుట నోదిర్‌బెక్ అబ్దుసత్తొరోవ్. గెలిచే స్థితిలో ఉన్న గేమ్‌ను గుకేశ్ టైం ఒత్తిడిలో చేజార్చుకున్నాడు, చివరికి ఓడిపోయాడు. గెలవాల్సిన మ్యాచ్ 2–2 అయింది. స్వర్ణం ఉజ్బెకిస్థాన్‌కు, రజతం అర్మేనియాకు, కాంస్యం మనకు. ఆ గేమ్ ముగిశాక తల పట్టుకుని కూర్చున్న 16 ఏళ్ల గుకేశ్‌ను అప్పట్లో చెస్ ప్రపంచమంతా చూసింది.

అంతకంటే పెద్ద దెబ్బ మహిళల విభాగంలో. టాప్ సీడ్‌గా దిగిన భారత ఎ జట్టు చివరి రౌండ్ ముందు వరకు అగ్రస్థానంలో ఉంది. చివరి రోజు అమెరికాతో మ్యాచ్. మొదటి రెండు బోర్డుల్లో కోనేరు హంపి, వైశాలి డ్రా చేశారు. కింది రెండు బోర్డుల్లో తానియా సచ్‌దేవ్, భక్తి కులకర్ణి ఓడిపోయారు. 1–3. స్వర్ణం అనుకున్నది కాంస్యమైంది. ఉక్రెయిన్ స్వర్ణం, జార్జియా రజతం ఎగరేసుకుపోయాయి. నాలుగు బోర్డుల లెక్క ఎంత నిర్దయగా ఉంటుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఆ కాంస్యంలో మరో విశేషం ఉంది. హారిక అప్పుడు తొమ్మిది నెలల గర్భిణి. 2004లో 13 ఏళ్ల వయసులో తొలి ఒలింపియాడ్ ఆడిన ఆమెకు అదే మొదటి ఒలింపియాడ్ పతకం. అంటే 18 ఏళ్ల ఎదురుచూపు. మరో రెండేళ్లకు బుడాపెస్ట్‌లో మొదటి బోర్డులో ఆడింది. టోర్నీ అంతా ఆమెకు సాఫీగా సాగలేదు. మహిళల జట్టు ఎనిమిదో రౌండ్‌లో పోలండ్ చేతిలో ఓడింది. తర్వాతి రౌండ్‌లో అమెరికాతో వంతిక అగర్వాల్ గెలుపు పుణ్యమా అని 2–2తో బయటపడింది. స్వర్ణం చేజారుతుందేమో అనుకున్న దశలో పదో రౌండ్‌లో చైనాపై దివ్య దేశ్‌ముఖ్ గెలిచి నిలబెట్టింది. ఆఖరి రోజు హారిక, దివ్య, వంతిక ముగ్గురూ గెలిచారు, వైశాలి డ్రా చేసింది. మొత్తం 19 పాయింట్లతో స్వర్ణం. కజకిస్థాన్‌కు రజతం, అమెరికాకు కాంస్యం. మూడు, నాలుగు బోర్డుల వ్యక్తిగత స్వర్ణాలు దివ్యకు, వంతికకు దక్కాయి. చెన్నైలో ఓడించినవి కింది బోర్డులే, బుడాపెస్ట్‌లో గెలిపించినవీ కింది బోర్డులే. కెప్టెన్ అభిజిత్ కుంటే.

హరికృష్ణది మరో రకం కథ. 2000లో ఇస్తాంబుల్‌లో 14 ఏళ్ల వయసులో తొలిసారి ఆడాడు. ఏళ్ల పాటు పై బోర్డుల్లో మోసిన వాడు, స్వర్ణం వచ్చిన ఏడాది ఎక్కువగా బెంచ్ మీదే ఉన్నాడు. అయినా రిజర్వ్ పాత్ర అంటే కూర్చోవడం మాత్రమే కాదు, మిగతా వాళ్ల ప్రిపరేషన్‌లో చేయి వేయడం కూడా. అదే ఏడాది డిసెంబర్‌లో సింగపూర్‌లో గుకేశ్ ప్రపంచ ఛాంపియన్ అయినప్పుడు, తెర వెనక పనిచేసిన టీంలో హరికృష్ణ కూడా ఉన్నాడని తర్వాత బయటికొచ్చింది.

ఒక్క స్టార్‌తో పని జరగదు

భారత్ తొలిసారి ఆడింది 1956 మాస్కో ఒలింపియాడ్‌లో. తొలి పతకం వచ్చింది 2014లో, నార్వేలోని ట్రోమ్సోలో. మధ్యలో 58 ఏళ్లు! ఆనంద్ ఐదుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. కానీ బోర్డు ముందు కూర్చుని ఆడిన ఒలింపియాడ్‌లో ఆయనకు జట్టు పతకం లేదు. విచిత్రం ఏంటంటే ట్రోమ్సోలో కాంస్యం తెచ్చిన జట్టులో ఆనంద్ లేడు, హరికృష్ణ కూడా లేడు. 19వ సీడ్‌గా దిగిన పరిమార్జన్ నేగి, సేతురామన్, శశికిరణ్, ఆధిబన్, మన ఆంధ్రా కుర్రాడు లలిత్ బాబు కలిసి ఎవరూ ఊహించని పతకం తెచ్చారు.

బయట చూసినా ఇదే. మాగ్నస్ కార్ల్‌సన్ ఉన్న నార్వే చెన్నైలో పతకాల దరిదాపులకు కూడా రాలేదు. అదే చెన్నైలో టాప్ సీడ్ అమెరికాకు ఐదో స్థానం. తమ స్టార్ లెవాన్ అరోనియన్ అమెరికాకు వెళ్లిపోయాక కూడా అర్మేనియాకు రజతం వచ్చింది. దాదాపు 30 లక్షల జనాభా ఉన్న ఆ దేశం 2006, 2008, 2012లో మూడుసార్లు స్వర్ణం గెలిచింది. అక్కడ స్కూళ్లలో చెస్ తప్పనిసరి సబ్జెక్ట్.

2020లో కరోనా వల్ల అసలు ఒలింపియాడ్ ఆగిపోయి ఆన్‌లైన్‌లో వేరే పోటీ పెట్టారు. అందులో మహిళలు, జూనియర్లు కలిసి ఆడే మిక్స్‌డ్ జట్లు. పోలండ్‌తో సెమీస్‌లో హంపి చివరి టైబ్రేక్ గేమ్ గెలిచి మనల్ని ఫైనల్ చేర్చింది. రష్యాతో ఫైనల్‌లో ఇంటర్నెట్ అంతరాయంతో మనోళ్లకు కనెక్షన్ పోయింది. చివరికి ఇద్దరినీ సంయుక్త విజేతలుగా ప్రకటించారు. ఆనంద్ ఆ జట్టులో సభ్యుడు. దీన్ని అసలు ఒలింపియాడ్ పతకాల లెక్కలో కలపరు.

లండన్‌లో మొదలు, యుద్ధంలో చీలిక

ఇక వెనకటి సంగతులు. ఫిడే పుట్టింది 1924 జులై 20న పారిస్‌లో. ఆ తేదీనే ఇప్పుడు అంతర్జాతీయ చెస్ దినోత్సవం. తొలి అధికారిక ఒలింపియాడ్ 1927లో లండన్‌లో, 16 జట్లతో జరిగింది. హంగేరీ గెలిచింది. అదే సమయంలో అక్కడే జరిగిన తొలి మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను వేరా మెంచిక్ గెలిచింది. 1944లో లండన్‌పై జర్మన్ బాంబు దాడిలో ఆమె చనిపోయింది. మహిళల కప్పుకు ఆమె పేరే పెట్టారు. మహిళల ఒలింపియాడ్ మాత్రం 1957 దాకా మొదలు కాలేదు.

1939 బ్యూనస్ ఎయిర్స్ ఒలింపియాడ్ గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. యూరప్ జట్లలో చాలా వరకు ఒకే ఓడలో అట్లాంటిక్ దాటి అర్జెంటీనా చేరాయి. టోర్నీ మధ్యలో, సెప్టెంబర్ 1న, జర్మనీ పోలండ్‌పై దాడి చేసింది. రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఇంగ్లండ్ జట్టు ఆట వదిలేసి ఇంటికి బయల్దేరింది. మిగతా జట్లు ఆడుతూనే ఉన్నాయి. కానీ శత్రు దేశాల ఆటగాళ్లు ఎదురెదురుగా కూర్చునే పరిస్థితి లేదు. అలాంటి కొన్ని మ్యాచ్‌లను ఆడకుండానే 2–2గా రాసేశారు. జర్మనీ–పోలండ్ మ్యాచ్ అందులో ఒకటి. చివర్లో జర్మనీకి 36 పాయింట్లు, పోలండ్‌కు 35.5. అర పాయింట్ తేడాతో స్వర్ణం జర్మనీకి పోయింది. ఆ రెండు జట్లూ ఒక్క ఎత్తు కూడా వేసుకోలేదు.

చాలామంది ఆటగాళ్లు ఇక వెనక్కి వెళ్లలేదు. పోలండ్ జట్టులోని యూదుడు మిగేల్ నైడార్ఫ్ వాళ్లలో ఒకడు. అర్జెంటీనాలోనే ఉండిపోయాడు. 1943లో రొసారియోలో కళ్లు బోర్డు వైపు లేకుండా ఒకేసారి 40 మందితో ఆడాడు. ఆ వార్త ఎలాగోలా పోలండ్‌లో తనవాళ్ల చెవిన పడుతుందేమో అన్నదే ఆశ. ఎవరూ మిగల్లేదు. సిసిలియన్ డిఫెన్స్‌లో అతని పేరుతో ఉన్న వేరియేషన్‌ను ఇప్పటికీ ప్రతి పెద్ద టోర్నీలో ఆడతారు.

సోవియట్ రాజ్యం

1952లో హెల్సింకీలో సోవియట్ యూనియన్ తొలిసారి బరిలో దిగింది. దిగడం, గెలవడం ఒకేసారి. అక్కడి నుంచి 1974 దాకా వరుసగా 12 స్వర్ణాలు. మొత్తం మీద ఆ దేశానికి 18. రిజర్వ్ బోర్డులో కూడా ప్రపంచ స్థాయి ఆటగాడు ఉండేవాడు. జట్టు లోతు అంటే ఏంటో ప్రపంచానికి నేర్పింది వాళ్లే.

వరుస తెగింది 1976లో. అది కూడా ఆటలో కాదు. ఒలింపియాడ్ ఇజ్రాయెల్‌లోని హైఫాలో పెట్టడంతో సోవియట్ కూటమి, అరబ్ దేశాలు బహిష్కరించాయి. అమెరికా గెలిచింది. మహిళల విభాగంలో ఆతిథ్య ఇజ్రాయెల్‌దే స్వర్ణం. దానికి పోటీగా లిబియా ట్రిపోలీలో వేరే ఒలింపియాడ్ నడిపింది. అక్కడ గెలిచింది ఎల్ సాల్వడార్! 1978లో సోవియట్ తిరిగొచ్చినా హంగేరీ చేతిలో స్వర్ణం పోగొట్టుకుంది. మళ్లీ 1980 నుంచి 1990 దాకా గెలిచింది. దేశం విడిపోయాక రష్యా 1992 నుంచి 2002 వరకు వరుసగా ఆరు గెలిచింది. 2002 తర్వాత ఓపెన్‌లో రష్యాకు స్వర్ణం లేదు. ఉక్రెయిన్, అర్మేనియా, చైనా, అమెరికా, ఉజ్బెకిస్థాన్, భారత్... పేరు మారుతూనే ఉంది. సోవియట్‌లా ఏళ్ల తరబడి ఏలే దేశం ఇప్పుడు లేదు.

మహిళల్లో సోవియట్ గుత్తాధిపత్యాన్ని గట్టిగా గండి కొట్టింది హంగేరీ. 1988లో ముగ్గురు పోల్గార్ అక్కచెల్లెళ్లు కలిసి ఆడి స్వర్ణం గెలిచారు, 1990లో మళ్లీ గెలిచారు. మొదటిసారి గెలిచేనాటికి చిన్నదైన జుడిత్ వయసు 12.

తర్వాత ఎక్కడ?

బుడాపెస్ట్ స్వర్ణాల తర్వాత అఖిల భారత చెస్ సమాఖ్య ఒక్కో ఆటగాడికి 25 లక్షల రూపాయలు ఇచ్చింది. ఆ జట్ల సభ్యులు ఆగలేదు. గుకేశ్ ప్రపంచ ఛాంపియన్ అయితే, దివ్య 2025లో మహిళల ప్రపంచ కప్ గెలిచింది. ఫైనల్‌లో ఆమె ఓడించింది ఎవరినో కాదు, మన హంపినే.

46వ ఒలింపియాడ్ 2026లో. ఆతిథ్యం ఉజ్బెకిస్థాన్‌ది. చెన్నైలో గుకేశ్‌ను ఓడించిన అబ్దుసత్తొరోవ్, 2025లో గోవాలో ప్రపంచ కప్ గెలిచిన జవోఖిర్ సిందారోవ్ ఇద్దరూ అక్కడివాళ్లే. బుడాపెస్ట్‌లో ఓపెన్ విభాగంలో భారత్ ఓడించలేకపోయిన ఒకే ఒక్క జట్టు కూడా అదే. ఆతిథ్య దేశానికి రెండో జట్టును దించే వెసులుబాటు ఉంటుంది. మొత్తం జట్ల సంఖ్య బేసి అయితే మూడో జట్టుకు కూడా.